పెరటి జాజి – పుష్పకైంకర్యం

చంద్రగిరి కోట నీడన ఉన్న పల్లెలలోను, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊళ్ళలోను తులసికోటకు తోడుగా జాజితీగను పెంచుకునే ఇళ్ళు నేటికీ చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలోని గృహిణులు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది. తీగ పందిరంతా అల్లుకున్నది, ఏడాది పొడవునా పచ్చగా ఉన్నది, కాని స్వామికి మూరెడు దండ కట్టుదామంటే పూలు చాలడం లేదు అంటారు. నేల మంచిది కాదని కొందరు, దిష్టి తగిలిందని మరికొందరు సరిపెట్టుకుంటారు. చాలా ఇళ్ళలో అసలు కారణం ఈ రెండూ కాదు. ఆ తీగ నాటిన నాటి నుండి కత్తి ఎరుగదు. భగవంతుని పేర పెంచుతున్న మొక్కను నరకడం అపచారమన్న సంకోచంతో దానిని తాకకుండా వదిలివేస్తారు. జాజి స్వభావం దీనికి విరుద్ధమైనది. పాత కొమ్మపై అది ఆకులు వేస్తుంది, కొత్త చిగురు చివరనే పూస్తుంది. ఏటా ఒకసారి కాలమెరిగి కోసినవారికే అది పూలిస్తుంది.

ముందుగా ఏ తీగను గురించి చెప్పుకుంటున్నామో స్పష్టంగా ఉండాలి. మల్లె జాతులలో మన ప్రాంతంలో పేర్ల గందరగోళం ఎక్కువ. ఒక ఊరిలో సన్నజాజి అన్నదానిని పక్క ఊరిలో వేరొక పేరుతో పిలుస్తారు. ఈ వ్యాసంలో జాజి అంటే జాజిమల్లె. శాస్త్రజ్ఞులు దానిని జాస్మినం గ్రాండిఫ్లోరం అంటారు. సంస్కృతంలోని ‘జాతీ’ శబ్దమే తెలుగులో జాజి అయింది. జాతీఫలమని పేరున్న జాజికాయకు ఈ తీగకు పేరులో తప్ప వేరే బంధుత్వం లేదు. అది మరొక చెట్టు కాయ. తమిళనాటి పూల అంగళ్ళలో జాజిని ‘పిచ్చి’ అంటారు. చిత్తూరు సీమలో తమిళం కలిసిన మాట కనుక మన వ్యాపారులూ ఆ పేరు వాడుతుంటారు. ‘కిలో పిచ్చి ఎంత?’ అన్న బేరం విని కొత్తవారు నవ్వుకోవడం కద్దు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. జాజికి ఒక్కొక్క ఈనెకు రెండువైపులా చిన్న ఆకులు జంటలుగా ఉండి, చివర ఒకటి ఉంటుంది. మొత్తం అయిదు, ఏడు, ఒక్కొక్కప్పుడు తొమ్మిది. మొగ్గ వెలుపలి వైపు లేత గులాబి చాయ ఉంటుంది. విచ్చిన తరువాత పైకి అయిదు తెల్లని రేకులే కనిపిస్తాయి. ఆకు ఒంటిగా ఉండి, దాని మొదట రెండు చిన్న చెవుల వంటి ఆకులున్నట్లయితే అది వేరొక జాతి. దానినే చాలామంది సన్నజాజి అంటారు, తమిళులు ముల్లై అంటారు. ఆకు గుండ్రంగా, పెద్దదిగా, ఒంటిగా ఉంటే అది గుండుమల్లె. జాజికి, సన్నజాజికి పెంపకంలో పెద్ద తేడా లేదు. గుండుమల్లెకు మాత్రం కోత కాలం వేరు. నారుతోటలో కొనేటప్పుడు పేరును నమ్ముకోక ఆకును చూసి కొనడం మేలు.

ఇది నిత్యహరిత లత. మన సీమలో ఎండాకాలంలోను ఆకు పూర్తిగా రాల్చదు. కాని చలికి సుకుమారి. మంచు గడ్డకట్టే దేశాలలో దీనిని బతికించుకోవడమే ఒక తపస్సు. దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణం అత్తరు పరిశ్రమకు పేరుపొందినది. అక్కడి రైతులు ఈ జాజినే చలికి ఓర్చే మరొక జాజి వేరుపై అంటుగట్టి, చలికాలం రాగానే మొదళ్ళ చుట్టూ మన్ను ఎగదోసి కప్పి కాపాడుకునేవారు. వసంతంలో ఆ మన్ను తొలగించి మళ్ళీ చిగురించనిచ్చేవారు. చంద్రగిరిలో ఆ బాధ లేదు. ఇక్కడి శీతకాలం జాజికి విశ్రాంతి మాత్రమే, ప్రమాదం కాదు. ఈ వరాన్ని మనం గుర్తించము. అంత శ్రమపడే వారి తోటలు పూసినవి, ఏ శ్రమా అక్కరలేని మన పెరళ్ళు పూయకున్నవి.

శేషాచల పరిసరాలలో పూదోట పెంపకం కైంకర్యమన్న భావన ఎంత పాతదో భక్తులకు తెలియనిది కాదు. తిరుమలలో పూలతోట పెంచి స్వామికి నిత్యం మాలలు సమర్పించేవారు ఎవరున్నారని శ్రీరంగంలో భగవద్రామానుజులు అడిగినప్పుడు, కొండమీది చలిని, అడవిని తలచి అందరూ మౌనం వహించగా అనంతాళ్వారు ముందుకు వచ్చారు. ఆయన తోట నేటికీ ఆలయానికి పడమటి దిక్కున ఉన్నది. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు భాగ్ సవారి పేర స్వామి ఆ తోటకు వేంచేస్తారు. తోటకు నీరు కావాలని చెరువు తవ్వుతూ, గర్భవతి అయిన భార్యకు మట్టితట్ట మోయడంలో సాయపడిన బాలునిపై ఆయన గునపం విసరిన కథ, ఆ గాయానికి గుర్తుగా స్వామి చుబుకాన పచ్చకర్పూరం అద్దే ఆచారం జగద్విదితం. ఆ గునపాన్ని మహాద్వారం వద్ద గోడకు వేలాడదీసి ఉంచారు. దానిని చూసినవారందరూ లీలను తలచుకుంటారు. తోటమాలి చూస్తే మరొకటి కూడా తోచవచ్చు: పూలకైంకర్యానికి గుర్తుగా అక్కడ నిలిచినది పూలబుట్ట కాదు, నేల తవ్వే పనిముట్టు.

మాలలకు ఎన్ని పూలు కావాలో కూడా ఒకమారు ఊహించుకోవాలి. తిరుమలలో తోమాలసేవ వేళ మూలమూర్తికి సమర్పించే దండలకు వేర్వేరు పేర్లు, వేర్వేరు కొలతలు ఉన్నాయి. కిరీటం మీదుగా రెండు భుజాలపైకి దిగే ‘శిఖామణి’ ఎనిమిది మూరలు. భుజాల నుండి పాదాల వరకు ఇరువైపులా వేలాడే ‘సాలగ్రామ మాలలు’ రెండు, ఒక్కొక్కటి నాలుగు మూరలు. ‘కంఠసరి’ మూడున్నర మూరలు. వక్షఃస్థలంలోని అమ్మవార్లకు ఒకటిన్నర మూర చొప్పున రెండు. శంఖచక్రాలకు మూర చొప్పున రెండు. నందక ఖడ్గానికి ‘కఠారిసరం’ రెండు మూరలు. అటుపై మూడు ‘తావళములు’, పాదాలకు రెండు ‘తిరువడి దండలు’. ఇవన్నీ ఒక్కపూట అలంకారానికి. గురువారం పూలంగిసేవ సంగతి చెప్పనక్కరలేదు. ఈ దండలను సిద్ధపరచి ఉంచే పూల అరకు యమునోత్తరై అని పేరు. చిక్కగా కట్టిన మూర జాజికి వంద పూలకు తక్కువ పట్టవు. కిలో తూగడానికి దాదాపు పదివేల మొగ్గలు కావాలి. అంత పెద్ద కైంకర్యం పెరటి తీగతో జరిగేది కాదు. ఇంటి పూజామందిరంలోని స్వామికి, ఊరి ఆలయంలోని ఉత్సవమూర్తికి మూర దండ మాత్రం ఒక్క తీగతో, సక్రమంగా పెంచితే, రుతువంతా జరుగుతుంది. ఆ మూర దండ ఎలా సాధించాలన్నదే మన విషయం.

చంద్రగిరి పరిసరాలలో ఎక్కువగా ఉన్నది గుట్టరాళ్ళు అరిగి ఏర్పడిన ఎర్రగరప నేల. జాజికి ఇది అనుకూలమే. నీరు ఇంకిపోతుంది, వేరు ఊపిరాడుతుంది. బలం మాత్రం తక్కువ కనుక గుంటలో బలం నింపాలి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గల గుంట చాలు. తవ్విన గుంటను వారం పది రోజులు ఎండనిచ్చి, పైమట్టితో బాగా చివికిన పశువుల ఎరువు పది కిలోలు, రెండు గుప్పిళ్ళ వేపపిండి కలిపి నింపాలి. పచ్చిపేడ వేయరాదు, చెదలు పడుతుంది, వేరు మాడుతుంది. ఇంటి వాడకనీరు పారే చోట నాటడం కొందరికి అలవాటు. నీరు వృథా పోరాదన్న ఆలోచన మంచిదే అయినా, సబ్బునీరు నిలిచే మడుగులో జాజి వేరు కుళ్ళుతుంది. పైగా పూజకు పెంచే మొక్కకు ఎంగిలినీరు పోయడం పెద్దలు ఒప్పుకోరు. ఈ ఒక్క విషయంలో ఆచారము, వ్యవసాయశాస్త్రము ఒకే మాట చెప్పుతున్నాయి.

నాటడానికి తొలకరి జల్లులు పడిన జూన్, జూలై నెలలు అనువైనవి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు బలంగా పడతాయి. అప్పటికి మొక్క నిలదొక్కుకొని ఉండాలి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి పొర్లిన నాటి వానలు ఎవరూ మరువలేదు. అటువంటి ఏట రోజుల తరబడి మొదట్లో నీరు నిలిచిన మల్లె, జాజి మొక్కలు ఆకు పసుపెక్కి చనిపోతాయి. అందుచేత పాదును నేలకన్న జానెడు ఎత్తుగా, చుట్టూ నీరు జారిపోయేటట్లు మట్టి ఎగదోసి ఉంచాలి. పల్లపు పాదు వేసవికి సుఖము, వానాకాలానికి మృత్యువు. రోజుకు కనీసం ఆరుగంటలు ఎండ తగలని చోట జాజిని నాటవద్దు. వేపచెట్టు నీడన, ఎత్తైన మేడల సందున నాటిన తీగ ఎంత పొడవు పెరిగినా పూయదు. వెలుతురు వెదుక్కుంటూ సాగుతుంది, అంతే.

పందిరి ఎత్తు గురించి ఒక మాట. తోటలలో రైతులు జాజిని ఏటా కోస్తూ పొదగానే ఉంచుతారు. వరుసల మధ్య రెండు మీటర్లు, మొక్కల మధ్య ఒకటిన్నర మీటరు ఎడమిస్తారు. ఇళ్ళలో పందిరి వేస్తాము. ఆ పందిరి మిద్దె మీదికి ఎక్కిందంటే పూలన్నీ ఎండ తగిలే పైభాగాన పూస్తాయి. తెల్లవారేసరికి మిద్దె మీద రాలి ఉంటాయి. పరిమళం వీధికి, పూలు చీమలకు దక్కుతాయి. నేల రాలిన పూలు పూజకు పనికిరావు. పారిజాతానికి తప్ప ఆ మినహాయింపు లేదు. నిలబడి చేయి చాచితే అందే ఎత్తు, అంటే అయిదారడుగులు, దాటనీయకుండా పందిరి ఉంచుకోవాలి. గోడవారగా రెండు గుంజలు పాతి అడ్డంగా నాలుగైదు తీగలు లాగిన తడిక వంటి కట్టుబడి పందిరికన్న మేలు. రెండువైపుల నుండి కోయవచ్చు, గాలి ఆడుతుంది.

ఇక అసలైన కోత. గుండుమల్లెను నవంబరు చివర కత్తిరిస్తారు. జాజికి, సన్నజాజికి జనవరి చివరివారం తగిన కాలం. సంక్రాంతి వెళ్ళి రథసప్తమి వచ్చేలోగా అని గుర్తు పెట్టుకుంటే మరచిపోము. కొన్ని ఏండ్ల రథసప్తమి ఫిబ్రవరి నడుమకు జరుగుతుంది; అప్పుడు మాత్రం పండుగ కోసం ఆగకుండా జనవరిలోనే ముగించాలి. కోతకు ముందు పదిహేను, ఇరవై రోజులు నీరు కట్టివేయాలి. తీగ కొంత వాడుతుంది, ఆకు రాల్చుతుంది. చూచేవారికి బాధ కలిగినా ఈ విశ్రాంతి అవసరం. నీరు తాగుతూ పెరుగుతున్న తీగను కోస్తే చిగురు ఆకుల వైపు పరుగెత్తుతుంది. విశ్రాంతి పొందిన తీగను కోస్తే మొగ్గ వైపు మళ్ళుతుంది.

పొదగా పెంచే జాజిని మోకాలి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా అన్ని కొమ్మలనూ సమంగా కోయాలి. పందిరి జాజికి లావైన మొదటి కాండాన్ని, పందిరిపై పరచిన నాలుగైదు ముఖ్యమైన కొమ్మలను ఉంచి, వాటినుండి నిరుడు సాగిన సన్నని తీగలన్నింటినీ మొదట రెండు మూడు కణుపులు మిగిల్చి తీసివేయాలి. ఎండినవి, ఒకదానిపై ఒకటి ఒరసుకునేవి, మొదలు నుండి లేచిన బలహీనమైన పిలకలు పూర్తిగా తొలగించాలి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తితో కొడితే కొమ్మ చీలుతుంది, చీలిన చోట తెగులు చేరుతుంది. వేలిలావు కన్న పెద్ద కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయడం మంచిది. మిగిలిన ఆకులను కూడా దూసివేయాలి. ఏళ్ళ తరబడి కోయని తీగైతే ఒక్కసారి మొత్తం నరకక, ఈ ఏడు సగం ముదురు కొమ్మలు, వచ్చే ఏడు మిగిలిన సగం తీయడం క్షేమం.

శుక్రవారము, అమావాస్య, సూర్యాస్తమయం తరువాత పూలమొక్కలపై కత్తి పెట్టరాదన్నది మన పెద్దల నియమం. ఆ నియమాన్ని పాటించి కోయడానికి ఏడాదిలో ఎన్నో ఉదయాలు ఉన్నాయి. ఎన్నడూ కోయరాదని మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు. తులసిదళాన్ని గిల్లుతూ ఉంటేనే తులసి గుబురు కడుతుందని ఎరిగిన ఇల్లాలికి జాజి విషయం వేరుగా చెప్పనక్కరలేదు. కోసిన తీగలను చూసి దిగులు పడవద్దు. కోసిన తరువాత పాదును తవ్వి నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి, పది కిలోల చివికిన ఎరువు, వేపపిండి వేసి నిండుగా నీరు కట్టాలి. మాఘమాసం ముగిసేలోగా కణుపు కణుపుకూ జంట చిగుళ్ళు కనిపిస్తాయి. ఇదే ఎరువును మరొకసారి జూన్, జూలైలలో వేయాలి. ఒక విడత పూత ముగిసిన కొమ్మల చివరలను జానెడు మేర తుంచుతూ ఉంటే తరువాతి విడత త్వరగా వస్తుంది.

ఇక్కడ పంచాంగాన్ని, పూతకాలాన్ని కలిపి చూడాలి. చంద్రగిరి మండలంలోని శ్రీనివాసమంగాపురం కల్యాణ వేంకటేశ్వరస్వామివారి బ్రహ్మోత్సవాలు ఫిబ్రవరి, మార్చి నెలలలో వస్తాయి. చంద్రగిరి కోదండరామస్వామివారి ఉత్సవాలు చైత్రంలో. జనవరి చివర కోసిన జాజి ఏప్రిల్ చివరికి గాని పూతకు రాదు. అందువల్ల ఈ రెండు ఉత్సవాలకు ఇంటి జాజిని ఆశించరాదు. నవంబరులో కోసిన గుండుమల్లె రామయ్యకు అందుతుంది. జాజి రాజ్యమంతా వైశాఖం నుండి మొదలు. ఎండలు ముదిరిన వేళ కొంత, వానలు తొలకరించిన తరువాత విరివిగా, శ్రావణ శుక్రవారాలు, శ్రీకృష్ణాష్టమి, తిరుమల బ్రహ్మోత్సవాలు, దేవీ నవరాత్రులు దాటేవరకు పూస్తుంది. తిరుమలలో కార్తికమాసాన శ్రవణా నక్షత్రం నాడు జరిగే పుష్పయాగం నాటికి పూత పలుచబడుతుంది. చాలకాలం ఆగిపోయి 1980లో పునరుద్ధరింపబడిన ఆ యాగంలో టన్నుల కొద్దీ పూలు స్వామికి సమర్పిస్తారన్నది తెలిసినదే. ధనుర్మాసంలో జాజి నిద్రిస్తుంది. ఆ నెలకు చామంతి, కాగడా ఉన్నాయి. రెండు అడుగుల చోటున్న ఇంట గుండుమల్లె, జాజి, కాగడా ఒక్కొక్కటి పెంచుకుంటే పూజామందిరం ఏడాదిలో ఏ నెలా పూవు లేక వెలితిగా ఉండదు.

నీటి విషయంలో మన ప్రాంతపు చిక్కు బోరునీటిది. సున్నం ఎక్కువైన నీరు రెండు మూడేళ్ళు పోస్తే లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ముదిరితే ఆకు తెల్లబారుతుంది. నత్రజని లోపమనుకొని ఇంకా యూరియా వేస్తారు. అది కాదు, నేలలో ఇనుము ఉన్నా సున్నం వల్ల వేరు దానిని తీసుకోలేకపోతున్నది. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లని సాయంకాలం వేళ వారానికి ఒకమారు చొప్పున రెండు మూడు మార్లు ఆకులపై పిచికారి చేస్తే చిగురు పచ్చబడుతుంది. మిద్దె మీది వాననీటిని పట్టి పోయగలిగితే ఈ బాధే ఉండదు. పూతకాలంలో ఎర్రనేలకు మూడు నాలుగు రోజులకు ఒక తడి సరిపోతుంది. రోజూ చెంబెడు నీరు చల్లడం కన్న నాలుగు రోజులకు ఒకసారి పాదు నిండా పోయడం మంచిది. అప్పుడే వేరు లోతుకు దిగుతుంది.

పురుగుల సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. జాజికి ప్రధాన శత్రువు మొగ్గ తొలిచే పురుగు. చిన్న పచ్చని లద్దెపురుగు మొగ్గలోనికి చొచ్చి రేకులు తింటుంది. ఒక మొగ్గ ముగిసిన తరువాత సన్నని దారంతో రెండు మూడు మొగ్గలను కలిపి అల్లుకుంటుంది. మరొకటి కంటికి కనిపించనంత చిన్న ఈగ. దాని పిల్లపురుగు చేరిన మొగ్గ మొదలు ఉబ్బి, ఊదారంగు తిరిగి, విచ్చకుండానే రాలుతుంది. ఎండలు ముదిరినప్పుడు ఆకు అడుగున ఎర్రనల్లి చేరి ఆకు దుమ్ము పట్టినట్లు కనిపిస్తుంది. పొలంలో ఎకరాల కొద్దీ పెంచే రైతు వీటికి మందులు కొడతాడు. ఆయన జీవనాధారం అది. ఇంట ఒక్క తీగను పెంచేవారికి ఆ అవసరం లేదు. ఊదా తిరిగిన మొగ్గలను, దారం అల్లిన గుత్తులను ప్రతిదినం ఉదయం ఏరి వేడినీటిలో వేయాలి. మొదట రాలినవి ఊడ్చి కాల్చివేయాలి. పాదును అప్పుడప్పుడు గుల్లచేస్తే మట్టిలో దాగిన పిల్లపురుగులు ఎండకు చస్తాయి. కోత తరువాత చిగురు వచ్చే దినాలలో లీటరుకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బుద్రావణం కలిపి పది రోజులకు ఒకమారు చల్లితే చాలావరకు అదుపులో ఉంటుంది. ఎర్రనల్లికి ఆకు అడుగున నీటిని బలంగా చిమ్మడమే మొదటి మందు. పాదు చుట్టూ బంతి నాటితే వేర్లకు పట్టే నులిపురుగుల బెడద తగ్గుతుంది.

ఇంత చెప్పడానికి కారణం ఉన్నది. మూర్తికి అలంకరించిన పూవు మూర్తితో ఆగదు. అర్చకస్వామి గంటల తరబడి దానిని చేతులతో సర్దుతారు. గర్భాలయపు ఇరుకులో ఆ గాలినే పీలుస్తారు. నిర్మాల్యం తీసిన తరువాత ప్రసాదంగా అది భక్తుని చేతికి, కళ్ళకు, తల్లి జడకు, చంటిబిడ్డ నుదుటికి చేరుతుంది. కొందరు రేకును నోట వేసుకుంటారు కూడా. కూరగాయనైతే కడిగి వండుకుంటాము; పూవును ఎవరూ కడగరు. కనుక పూత మొదలైన తీగపై విషపు మందు చల్లి ఆ పూలు ఆలయానికి పంపడం, ఎంత భక్తితో చేసినా, తగని పని. ఈ విషయంలో రాజీ లేదు. తప్పనిసరిగా ఏ మందైనా వాడవలసి వస్తే ఆ విడత పూలను పూజకు కాని, సిగలకు కాని వాడక రాలిపోనివ్వాలి.

కోసే వేళ జాజికి ప్రత్యేకం. దీని మొగ్గ పగలంతా బిగుసుకొని ఉండి, దీపాలు పెట్టే వేళకు విచ్చడం ఆరంభిస్తుంది. రాత్రి తిరిగే చిమ్మటలను పిలవడానికే ఆ పరిమళం. అందుకే అది సాయంకాలం మొదలై తెల్లవారేవరకు బలంగా ఉండి, ఎండెక్కగానే తగ్గుతుంది. మధ్యాహ్నానికి పూవు రాలుతుంది. ఈ పూవులోని మరొక విశేషం ఏమంటే, తీగ నుండి వేరుపడిన తరువాత కూడా అది కొన్ని గంటలపాటు పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. గ్రాస్‌లో పూర్వం కొవ్వు పూసిన పలకలపై జాజిపూలను పరచి రోజంతా ఉంచి అత్తరు తీసేవారంటే అందుకే. కోసిన మొగ్గ దండలో విచ్చి గుబాళించడానికీ ఇదే కారణం.

విచ్చని మొగ్గలతో పూజ చేయరాదని, సంపెంగకు, తామరకు మాత్రమే ఆ నియమం వర్తించదని పెద్దలు చెబుతారు. మరి మొగ్గల దండ ఎలా? సమర్పించే వేళకు విచ్చి ఉండాలన్నది ఇందులోని కిటుకు. ఉదయపు పూజకైతే రాత్రి విచ్చిన పూలను తెల్లవారకముందే, మంచు ఆరకముందే కోయాలి. సాయంకాలపు దీపారాధనకైతే ఆనాటికి విచ్చే నిండు మొగ్గలను సూర్యోదయానికి ముందు గాని, మధ్యాహ్నం మూడు దాటిన తరువాత గాని కోసి దండ కట్టాలి. నిండు మొగ్గ తెల్లగా పొడవుగా సాగి, కొన ఉబ్బి ఉంటుంది. పచ్చదనం కలిసిన కురచ మొగ్గ ఆనాటిది కాదు. దానిని కోస్తే విచ్చదు, దండలో నల్లబడుతుంది. కోసిన వాటిపై నీళ్ళు కుమ్మరించవద్దు. తడిపి పిండిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి అరటి ఆకుపై నీడన ఉంచాలి. పండిన అరటిగెల పక్కన, మామిడిపండ్ల పక్కన ఉంచితే వాటి నుండి వచ్చే ఆవిరికి పూలు త్వరగా వాడతాయి. దండ కట్టడానికి ప్లాస్టిక్ దారం వద్దు. నానబెట్టిన అరటినార మెత్తగా ఉండి కాడను కోయదు, తేమను నిలుపుతుంది, పూవుతో పాటు మట్టిలో కలిసిపోతుంది. ఆలయానికి ఇవ్వదలచినవారు ఏ వేళకు, ఎన్ని మూరల దండ కావాలో ముందుగా అర్చకస్వామిని అడిగి తెలుసుకోవాలి. అలంకారం ముగిసిన తరువాత తెచ్చిన దండ పాపం పళ్ళెంలోనే మిగిలిపోతుంది.

నిర్మాల్యాన్ని తొక్కుడుపడే చోట వేయరాదు. తిరుమలలో స్వామివారి పూలను పూర్వం నుండి పూలబావిలో వేసేవారు. 2021 నుండి తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాలలో వాడిన పూలతో అగరుబత్తులు తయారు చేయిస్తున్నది. ఇంటిలో అంత ఏర్పాటు అక్కరలేదు. పెరటి మూలన మూతగల కుండలో నిర్మాల్యము, తులసి పుల్లలు, కొద్దిగా మట్టి పొరలు పొరలుగా వేస్తూ పోతే మూడు నాలుగు నెలలకు మంచి ఎరువవుతుంది. అది తిరిగి ఆ జాజి పాదుకే వేయవచ్చు.

ఒక తీగ నుండి మరి కొన్నింటిని సాధించడం సులభం. వానాకాలంలో నేలకు వంగే ఒక ముదురు కొమ్మను ఎంచుకొని, నడుమ ఒక కణుపు వద్ద అడుగువైపు బెరడును కొద్దిగా గీరి, ఆ భాగాన్ని జానెడు లోతు మట్టిలో కప్పి, పైన రాయి పెట్టి, కొనను వెలుపల ఉంచాలి. మట్టి ఆరకుండా చూస్తే మూడు నాలుగు నెలలలో వేర్లు దిగుతాయి. అప్పుడు తల్లితీగ వైపు కోసి, మట్టిగడ్డతో సహా లేపి, కుండీలో నెల రోజులు నీడన ఉంచి ఇవ్వవచ్చు. జనవరిలో కోసిన కొమ్మలను కూడా పారవేయనక్కరలేదు. పెన్సిలు లావుగలవి ఎంచి, జానెడు పొడవున మూడు నాలుగు కణుపులుండేటట్లు కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు లోనికి పోయేటట్లు ఏటవాలుగా గుచ్చి, నీడన తేమగా ఉంచితే కొన్నింటికి వేర్లు వస్తాయి. వానాకాలంలో గుచ్చినవాటికన్న ఇవి తక్కువ బతుకుతాయి కనుక నాలుగు కావలసినచోట పది గుచ్చాలి. తొలకరికి అవి నాటడానికి సిద్ధమవుతాయి.